నలభై రెండో ఫారం

ఆ నవల అంటే నాకు మొదటి నుంచీ అసహ్యమే. పదమూడు వందల తొంభై రెండు పేజీలు. అంత ఎందుకు రాశాడో రాసినాయనకే తెలియాలి. దాన్ని మడిచి, కుట్టి, జిగురు పూసి, ఐదు వందల కాపీలు చేతుల మీద మోసింది మాత్రం నేను. మా బైండింగు షాపులో దానికి దిమ్మ అని పేరు పెట్టాం. దిమ్మ పని నడిచిన రెండు నెలలూ నా నడుము నా మాట వినలేదు. ఎండలకు మైదా జిగురు పులిసిపోయి డ్రమ్ము మూత తీస్తే షాపంతా కంపు కొట్టేది. ఇంటికొచ్చి ఎన్నిసార్లు సబ్బు రుద్దినా, అన్నం కలుపుతుంటే వేళ్ళ నుంచి అదే కంపు.

కాపీలు దాదాపు అన్నీ వెళ్ళిపోయాక పీడ విరగడైందనుకున్నాను. కానీ దిమ్మ మా బావగారి చంకలో కూర్చుని మా ఇంటికే వచ్చింది. బావగారంటే మా ఆయనకు అన్న, కాలేజీలో లెక్చరరు. ఆదివారం భోజనానికి వస్తాడు, ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుంటాడు, వేలు నాలుకకు అద్దుకుని పేజీలు తిప్పుతాడు. ఆ తడి వేలితోనే మళ్ళీ కూర గిన్నెలో గరిటె పట్టుకుంటాడు. ఆ రోజు దిమ్మను మా బల్ల మీద ధబ్బున పెట్టి, ఇంత గొప్ప నవల మన భాషలో ఇంతవరకూ రాలేదని, ఇది జీర్ణం చేసుకోవాలంటే ఒక స్థాయి ఉండాలని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఈ పుస్తకం మా షాపులోనే తయారైందని మా అమ్మాయి ముచ్చటగా చెప్పింది. ఆయన నవ్వాడు.

"అయితే ఈ ఇంట్లో దీని బరువు తెలిసినవాళ్ళం ఇద్దరం మరదలా. నేను చదివి మోశాను, నువ్వు చదవకుండా మోశావు."

అందరికంటే ముందు మా ఆయన నవ్వాడు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఫ్రిజ్ వెనక అంటించిన కాగితం తప్ప ఇంకేదీ చదివిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి నన్ను చూసి నవ్వొచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు షాపులో, అట్ట తలకిందులుగా అతికిన కాపీ ఒకటి మూల పడి ఉంటే తీసుకెళ్తానని అడిగాను. మా ఓనరు తల కూడా ఎత్తకుండా, మంచం కోడు కింద పెట్టుకో అన్నాడు. ఇంటికి తెచ్చి అట్ట పీకి, కుట్టు దారం కోసి, దిమ్మను ఎనభై ఏడు ఫారాలుగా విడదీశాను. ఫారమంటే పదహారు పేజీల మడత. పుస్తకాన్ని అలా విప్పదీస్తే చదువుకున్నవాళ్ళు గుండెలు బాదుకుంటారేమో, కుట్టినదాన్ని నేను, విప్పే హక్కు నాకు లేకపోతే ఎవరికుంది? రోజుకో ఫారం క్యారేజీ సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

రోజుకో ఫారం అన్నది నా కొవ్వు. మొదటి ఫారానికే తొమ్మిది రోజులు పట్టింది. రెండో పేజీలో మొదలైన వాక్యం నాలుగో పేజీలో ఆగింది, ఆగేసరికి ఎవరి గురించి మొదలుపెట్టాడో నేను మర్చిపోయాను. తాత పేరు మనవడికి, మనవడి పేరు మేనల్లుడికి. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తేలదు. పైగా రాసినాయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ భూముల సర్వేయరట. కొలతల పిచ్చి. ఒక మనిషి చచ్చిపోతే ఏడవకముందు ఆ గది పొడవూ వెడల్పూ చెబుతాడు. బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ చదివాను. పక్కనున్నవాడు పదకొండో పేజీ మీద తుమ్మాడు, తుడవడానికి నా చెంగే దిక్కైంది. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ చదివాను. ఆరేసిన బట్టలు తీస్తూ ఒక పేరా, అత్తగారు మందులు మింగే లోపు ఒక పేరా. ఏ పేరా చదివినా ఈ రాసినాయనను పట్టుకుని నాలుగు దులపాలనిపించేది. మానేయొచ్చు కదా అని మా అమ్మాయి అడిగింది. మానేస్తే ఆదివారం ఆ కుర్చీలో కూర్చున్న మొహం గుర్తొస్తుంది. అందుకే మానలేదు.

ఇరవయ్యో ఫారంలో ఒక మంత్రసాని వచ్చింది.

ఆమె నోరు మంచిది కాదు. ఆమె చేతులు ఎప్పుడూ ఏదో ఒక కంపు కొడుతుంటాయి, ఆమె వాటిని ఎప్పుడూ కడుగుతూనే ఉంటుంది. ఆ ఒక్క ముక్క చదివి నేను బస్సు దిగాల్సిన చోట దిగలేదు. వయసులో ఉండగా పెద్దింటివాళ్ళు బెదిరిస్తే, ఒక తల్లికి బిడ్డ చచ్చి పుట్టాడని అబద్ధం చెప్పి, ఆ బిడ్డను ఇంకో ఇంట్లో అప్పగించింది. ముసలితనంలో ఆ అబద్ధం గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. ఆ బిడ్డ ఎక్కడున్నాడో వెతికి, ఎదురుగా నిలబడి, ఇలా చేశాను నాయనా అని చెప్పాలని బయలుదేరింది. నడుస్తుంది. అడ్డమొచ్చినవాళ్ళను తిడుతుంది, మళ్ళీ నడుస్తుంది. మూడు వందల నలభై పేజీలు నడిచింది. ఆమె కోసం ఆ కొలతలన్నీ భరించాను. ఆమె నడుస్తున్నంతసేపూ కూర మాడిందో లేదో నాకు పట్టలేదు. మాడిందని మా ఆయన పళ్ళెం తోసేశాడు, తోసేసుకోమన్నాను.

నలభై ఒకటో ఫారం చివర ఆమె ఆ ఇంటి మెట్లెక్కింది. ఐదు మెట్లు, ఒక్కొక్కటి ఎంత ఎత్తో ఆయన చెప్పనే చెప్పాడు. గడియ మీద చెయ్యి వేసింది. పేజీ అయిపోయింది.

మర్నాడు బస్సెక్కి సంచిలోంచి తర్వాతి ఫారం తీస్తే, మళ్ళీ నలభై ఒకటే. పాతదే పెట్టుకొచ్చానని నన్ను నేను తిట్టుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి కట్ట విప్పి చూశాను. నలభై ఒకటి రెండున్నాయి. నలభై రెండు లేదు. నలభై మూడు తీస్తే, మొదటి వాక్యమే మంత్రసాని పోయిన ఏడాదికి అని ఉంది. ఆరు వందల యాభై ఆరో పేజీలో గడియ మీద చెయ్యి వేసిన మనిషి, ఆరు వందల డెబ్భై మూడో పేజీకి పోయి ఏడాదైంది. మధ్యలో పదహారు పేజీలు గల్లంతు.

రెండో నలభై ఒకటిని దీపం దగ్గర పెట్టి చూశాను. అక్షరాలు వెలిసిపోయినట్టున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫారం మొదట ఇంకు పలచబడి అచ్చయితే, ప్రెస్సువాళ్ళు మళ్ళీ వేసి పంపారు. చెడిపోయిన కట్టను చెత్తలో పడేయాలి. ఒక్కో ఫారం ఐదు వందలు ఒక కట్ట. ఆ కట్టలు బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కో కట్టలోంచి ఒక్కోటి తీసి పుస్తకం చేసింది నేను. చెడ్డ కట్టను నలభై రెండు ఉండాల్సిన చోట పెట్టి, అసలు నలభై రెండును చెత్తలో వేశానన్నమాట.

ఇలాంటివి దొరికిపోవడానికి ఒక గుర్తుంటుంది. ప్రతి ఫారం వెన్ను మీద ఒక నల్ల గీత అచ్చువేస్తారు, ఒక్కో ఫారానికి ఒక్కో మెట్టు కిందకి. ఫారాలన్నీ ఒకచోట పేర్చి వెన్ను చూస్తే మెట్లు దిగుతున్నట్టు కనపడుతుంది. కింద దాకా వచ్చాక మళ్ళీ పై నుంచి మొదలవుతుంది. దిమ్మకు ఇరవై ఒక్క ఫారాలకు ఒక మెట్ల వరస. ఒక మెట్టు లేకపోతే గుడ్డివాళ్ళకు కూడా తెలుస్తుంది. నలభై రెండు మాత్రం రెండో వరసలో ఆఖరి మెట్టు, అన్నిటికంటే అడుగున. ఒక కాపీకి పేర్చిన ఫారాలను నేను ఎడమ చేత్తో అడుగు నుంచే పట్టుకుంటాను. ఐదు వందల సార్లు పట్టుకుని, ఐదు వందల సార్లు చూసి, సరిగ్గా ఉందని పక్కన పెట్టాను. లేని మెట్టు ఐదు వందల సార్లూ నా బొటనవేలి కిందే ఉంది.

షాపులో మిగిలిన ముప్పై కాపీలు తెరిచి చూశాను. అన్నిట్లో అంతే. ఆదివారం బావగారు భోజనం చేస్తుండగా ఆయన కాపీ తీశాను. కొత్తగా కోసిన పేజీల అంచులు ఒకదానికొకటి కరుచుకుని ఉంటాయి, మొదటిసారి తెరిస్తే పట పట మని విడిపోతాయి. బావగారి దిమ్మ నలభయ్యో పేజీ దాకా మెత్తగా తెరుచుకుంది. అక్కడి నుంచి చివరి దాకా పట పట మంది. నేను మూసి, ఉన్నచోట పెట్టేశాను.

సోమవారం మా ఓనరు దగ్గరకెళ్ళి జరిగింది చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆయన చెవిలో పుల్ల తిప్పుకుంటూ విన్నాడు, బయటికి తీసి చూసుకున్నాడు, నా బల్ల అంచుకే తుడిచాడు. పుస్తకం వెళ్ళి ఎన్నాళ్ళయిందని అడిగాడు. పదకొండు నెలలన్నాను. ఒక్కడైనా వచ్చి అడిగాడా అన్నాడు. లేదన్నాను.

"అయితే లోపం లేనట్టే. రెండో ముద్రణ కూడా మనకే వస్తోంది, అందులో సరిచేద్దాం. ఈలోపు ఈ సంగతి బయట పొక్కిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆయన అన్నదాంట్లో నన్ను కుదిపింది ఉద్యోగం సంగతి కాదు. పదకొండు నెలలు, ఐదు వందల పుస్తకాలు, ఒక్కడూ అడగలేదు.

నలభై రెండు ఏమైందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. చెత్త కాగితం మేం పారేయం, వాడుకుంటాం. పదకొండు నెలలుగా మేం జిగురు చేతులు తుడుచుకున్నది ఆ పదహారు పేజీలతోనే. క్యారేజీలు విప్పి కింద పరుచుకున్నది వాటినే. కారిన నూనె అద్దినది, చచ్చిన ఎలకను ఎత్తి పారేసినది కూడా. అప్పటికి జిగురు డ్రమ్ము కింద ఒక పదో పన్నెండో మిగిలాయి. డ్రమ్ము జరిపితే బొద్దింకలు నా కాళ్ళ మీద నుంచి పరిగెత్తాయి. కాగితాలు తడిసి, బూజుపట్టి, పులిసిన జిగురుతో ఒకదానికొకటి అట్టకట్టాయి. ముక్కు మూసుకుని గోళ్ళతో విడదీశాను. ఏ ఒక్కటీ పూర్తిగా లేదు. ఒకదాంట్లో మొదటి ఐదు పేజీలు, ఇంకోదాంట్లో మధ్యవి, మూడోదాంట్లో చివరివి, అలా మూడిటిని కలిపి ఒక ఫారం చేశాను. చేతులు కడుక్కునే చోట నిలబడి చదివాను.

బొద్దింకలే నయం. మంత్రసాని గడియ తీసింది. లోపల హాలు ఎంత పొడవో, కిటికీలు ఎన్నో, గోడ ఎంత మందమో పదమూడు పేజీలు కొలిచాడు. పద్నాలుగో పేజీలో ఆ బిడ్డ, ఇప్పుడు నడివయసు మనిషి, ఎవరు నువ్వన్నాడు. ఆమె నోరు తెరవబోయింది. కాలు జారి ఐదు మెట్లూ దొర్లి చచ్చిపోయింది. ఆ మనిషి తలుపు వేసుకున్నాడు. అంతే. అంత నోరున్న మనిషి, అంత దూరం నడిచిన మనిషి, ఒక్క ముక్క చెప్పకుండా సగం పేజీలో చచ్చిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇందుకా నేను కూర మాడబెట్టుకుంది అనిపించింది.

ఆ వారమే రెండో ముద్రణ ప్రకటించే సభ. బావగారు ఉపన్యాసకుడు కాబట్టి మేమందరం వెళ్ళాల్సొచ్చింది. వెనక వరసలో కూర్చున్నాం. పైన తిరుగుతున్న ఫ్యాను కింద చెమట, సెంటు, ఎవరివో సాక్సులు, అన్నీ కలిసిన వాసన. సర్వేయరు గారిని అక్కడే మొదటిసారి చూశాను. పొడుగ్గా, ఎండిపోయి, ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో ఉన్నాడు. కళ్ళద్దాలు గాజు పెంకుల్లా మందంగా ఉన్నాయి. కళ్ళు దాదాపు పోయాయని, అచ్చయిన తన పుస్తకాన్ని తను చదువుకోలేడని ఎవరో అన్నారు. దగ్గరకొచ్చిన ప్రతివాళ్ళనూ చెయ్యి పట్టుకుని ఒకటే అడుగుతున్నాడు, గడియ తీసే ఘట్టం ఎలా ఉందని. ఇరవై రెండేళ్ళు రాశానని, అందులో ఆ ఒక్క ఘట్టానికే మూడేళ్ళు పట్టిందని చెబుతున్నాడు. అద్భుతం అంది ఒకావిడ. అలాంటిది ఇంకెవరూ రాయలేరన్నాడు ఇంకొకాయన. ఆ ముసలాయన మొహం ఒక్కో మాటకూ వెలిగిపోతోంది.

తర్వాత బావగారు మైకు పట్టుకున్నాడు.

"మంత్రసాని మరణం చదివాక మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. మా ఆయన కూడా కొట్టాడు. ఆ మూడు రోజుల్లో ఏదో ఒకటి ఆదివారమై ఉంటుంది. ఏ ఆదివారమూ ఆయన మా ఇంట్లో మూడోసారి వడ్డించుకోకుండా లేచింది లేదు. నేను లేచి బయటికి వెళ్ళి నల్లా దగ్గర మొహం కడుక్కున్నాను. వాళ్ళ మీద అసహ్యం ఒక ఎత్తు. వాళ్ళకు ఆ అబద్ధం ఆడే వీలిచ్చింది నా బొటనవేలు, అది ఇంకో ఎత్తు. ఆ ముసలాయన పుస్తకంలోంచి గుండెకాయ లాంటి ముక్క కోసేసి, దాంతో జిగురు తుడుచుకుంది నేను. ఎవరైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. పనిలోంచి తీసేస్తే తీసేయనీ అనుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి, ఆ మూడు ముక్కలూ పాలిథిన్ సంచిలో చుట్టుకుని ఆయన ఇంటికెళ్ళాను. రెండో అంతస్తులో ఒక్క గది. మంచం, బల్ల, ఇనప బీరువా, మేకుకు వేలాడుతున్న కొలత గొలుసు. ఒక్కడే ఉంటాడనుకుంటాను, సింకులో రెండు రోజుల గిన్నెలున్నాయి. ఎవరమ్మా అన్నాడు. మీ పుస్తకం బైండింగు చేసినదాన్నని చెప్పాను. కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చాడు.

నేను నీళ్ళు నమల్లేదు. నలభై రెండో ఫారం ఏ కాపీలోనూ లేదని, కట్టలు తారుమారు చేసింది నేనేనని, చూసి కూడా పట్టుకోలేకపోయానని వరసగా చెప్పేశాను. మా ఓనరుతో చెప్పుకోవాలంటే చెప్పుకోండి, నేను కాదనను అన్నాను.  ఆ ఫారంలో ఏముందని ఆయన అడిగాడు. గడియ తీయడం అన్నాను.

"ఏ కాపీలోనూ లేదా?"

"లేదండీ. ఐదు వందల్లోనూ లేదు."

ఆయన వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు. ఎవరెవరు ఏమేం అన్నారో గుర్తుచేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆపమందామనిపించింది. ఆగేదాకా కూర్చున్నాను.

"నువ్వు చదివావా అమ్మా?"

"చదివానండీ. మొదటి నుంచి. ఇది చెత్తలో దొరికితే మూడు ముక్కలు కలిపి చదివాను."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ మందపాటి అద్దాల వెనక నుంచి నా మొహం ఎక్కడుందో వెతుకుతున్నాడు. సభలో అందరినీ అడిగినట్టు అడగలేదు. ఈసారి గొంతు తగ్గించాడు.

"ఎలా ఉంది?"

అబద్ధాలు చాలా విన్నాను ఆ వారంలో. ఇంకొకటి నా నోటి నుంచి రాకూడదనుకున్నాను. ఇరవై రెండేళ్ళు కష్టపడిన మనిషికి ఒక్కళ్ళైనా నిజం చెప్పాలి కదా.

"బాగాలేదండీ" అన్నాను. "మిగతా కొలతలన్నీ ఆమె కోసం ఓర్చుకున్నాను. ఆమె చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. ఆ మాటకు ఎదుటివాడు ఏమంటాడోనని మూడొందల నలభై పేజీలు కాచుకున్నాను. అది రాయడం కష్టమని మీరామెను మెట్ల మీద నుంచి తోసేశారు. ఆమె చావలేదండీ, మీరు వదిలించుకున్నారు."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అద్దాలు లేకపోతే ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. కోప్పడతాడనుకున్నాను. పొమ్మంటాడనుకున్నాను. తుడవడం ఆపకుండానే మెల్లగా అన్నాడు.

"మిగతావాళ్ళందరికీ నచ్చిందమ్మా."

హాస్యమాడుతున్నాడేమోనని చూశాను. కాదు. లేని పేజీలు నచ్చాయన్నవాళ్ళను తలుచుకుని ఆ మాట అంటున్నాడు, నేను చెప్పిందంతా విని, అర్థం చేసుకుని, అంటున్నాడు. ఒప్పుకోమని అడుగుతున్నాడు. నా ఒళ్ళో పాలిథిన్ సంచిలోంచి పులిసిన జిగురు వాసన వస్తోంది. దులిపేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన ఇంకా కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు, తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

"అవునండీ, అందరికీ బాగా నచ్చింది" అన్నాను. "మా బావగారికి మూడు రోజులు ముద్ద దిగలేదు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. పులిసిన జిగురు మింగినట్టు నాకే అసహ్యం వేసింది. ఆయన తల ఊపాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, నాకు థాంక్స్ చెప్పాడు.